వక్కపొడి డబ్బాలో వాల్తామ్ వాచీ: నాన్నతో 6 రోజులు

ముందే చెప్పేస్తున్నా, ఇందులో నయాగరా లేదు, లిబర్టీ విగ్రహం లేదు. నాన్న అమెరికా రావడం ఇది మూడోసారి, అవన్నీ ఎప్పుడో అయిపోయాయి, ఈసారి కొలంబస్‌లో దిగగానే "ఒరే, నాకు చూపించడానికని ఎక్కడికీ తిప్పకు, నీకేదో వాచీల పిచ్చి ఉందిగా, అటే తీసుకెళ్ళు" అన్నాడు. నాకు ఐదారేళ్ళుగా పాత జేబు గడియారాల పిచ్చి, అందులోనూ బంగారు మూతల మీద పువ్వులూ పిట్టలూ చెక్కినవి అంటే మరీను, అసలు బంగారంవి కొనేంత సీన్ లేదు కాబట్టి చూడ్డం ఎక్కువ కొనడం తక్కువ. సూట్‌కేసు తెరిచి ఆవకాయ, కందిపొడి, గోంగూర ఒక్కొక్కటే తీస్తూ తీస్తూ చివర్లో ఒక పాత వక్కపొడి డబ్బా నా చేతిలో పెట్టాడు. నానమ్మ డబ్బా. లోపల దూది, దూదిలో ఒక గడియారం మిషను. ఉత్త మిషనే, మూత లేదు, అద్దం లేదు, కీ ఇచ్చే బొడిపె కూడా లేదు. తెల్ల డయలు, నల్ల అంకెలు, మధ్యలో వాల్తామ్ అని కంపెనీ పేరు.

దీని కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలుసు. నాన్న వాళ్ళ తాతది ఇది. తెనాలి పక్క పల్లెలో కరణం, ఏదో దావా పని మీద మద్రాసు వెళ్ళి అక్కడ కొన్నాడని ఇంట్లో చెప్పుకుంటారు. 1963లో అత్త పెళ్ళి కుదిరింది, ఆ జనవరిలోనే మొరార్జీ దేశాయ్ బంగారం కంట్రోల్ పెట్టి 14 క్యారెట్లకి మించి నగలు చెయ్యకూడదన్నాడు, ఊళ్ళో ఆచారి గారికే పనుల్లేవు, ఇంట్లో డబ్బూ లేదు. నానమ్మ పెట్టె అడుగున ఉన్న గడియారం తీయించి, మిషను ఊడదీయించి, బంగారు కేసు, అంటే పైనున్న డొల్ల, ఆచారి గారి చేతిలో పెట్టేసింది. మిషను మాత్రం పారెయ్యడానికి చెయ్యాడక వక్కపొడి డబ్బాలో పెట్టింది. అంతే, 60 ఏళ్ళు దాటిపోయాయి.

సెప్టెంబర్‌లో ఒక వారం సెలవు పెట్టాను. ప్లాన్ ఏంటంటే, దీనికి సరిపోయే చెక్కుడు కేసు ఒకటి దొరుకుతుందేమో వెతుక్కుంటూ ఒహాయో నుంచి పెన్సిల్వేనియా మీదుగా మసాచుసెట్స్‌లో ఇది పుట్టిన ఊరి దాకా వెళ్ళడం.

మొదటి రోజు: కిప్టన్

ఉదయం 7.10కి బయల్దేరాం. ఇంత కరెక్టుగా ఎలా చెప్తున్నానంటే నాన్న రాసుకున్నాడు. 34 ఏళ్ళు రైల్వేలో, అందులో ఎక్కువ భాగం స్టేషన్ మాస్టర్‌గా చేశాడు, రిటైరై ఇన్నేళ్ళయినా ఎక్కడికెళ్ళినా జేబు డైరీలో రాక, పోక, ఆలస్యానికి కారణం అని మూడు గళ్ళు గీస్తాడు. పెట్రోలు బంకు దగ్గర ఆగినా ఎంట్రీ పడాల్సిందే.

కిప్టన్ ఒహాయో ఉత్తరాన చిన్న ఊరు, ఊరనడం కూడా ఎక్కువే. పాత రైలు పట్టాలు ఇప్పుడు లేవు, ఆ దారిలో సైకిల్ ట్రాక్ వేశారు. 1891 ఏప్రిల్‌లో ఇక్కడ పోస్టల్ బండి, ప్యాసింజరు బండి ఎదురెదురుగా గుద్దుకున్నాయి, రెండు ఇంజన్ల డ్రైవర్లూ, పోస్టల్ గుమస్తాలూ పోయారు. ప్యాసింజరు కిప్టన్‌లో పక్క లైనులోకి తప్పుకుని పోస్టల్ బండికి దారివ్వాలి. కానీ డ్రైవరు వాచీ దారిలో 4 నిమిషాలు ఆగి మళ్ళీ దానంతటదే నడిచింది, ఆయన మాత్రం ఇంకా టైముందనుకున్నాడు. ఇదీ అందరూ చెప్పే కథ. దాని తర్వాత క్లీవ్‌లాండ్‌లో నగల షాపు నడిపే వెబ్ బాల్ అనే ఆయన్ని రైల్వే వాళ్ళు పిలిచి వాచీల ఇన్‌స్పెక్షన్ అప్పజెప్పారు. ఆ తర్వాత వచ్చిన రూల్స్‌తో వారానికి 30 సెకన్లకి మించి తేడా రాకూడదు, వాచీని ఎటు తిప్పి పెట్టినా ఒకేలా నడవాలి, డయలు సాదాగా పెద్ద అంకెలతో ఉండాలి, మూత ఉండకూడదు. వాచీలు కలెక్ట్ చేసే వాళ్ళలో సగం మందికి ఈ రైల్వే వాచీలంటే ప్రాణం, నాకేమో అవి మరీ యూనిఫాం వేసుకున్నట్టు బోసిగా ఉంటాయి.

నేనిదంతా ఉత్సాహంగా చెప్తుంటే నాన్న చేతులు వెనక్కి కట్టుకుని ఆ లేని పట్టాల వైపు చూస్తూ నిలబడ్డాడు. కాసేపాగి "సింగిల్ లైనేనా?" అన్నాడు. అవునన్నాను. "అయితే వాచీది తప్పేంట్రా? అవతల స్టేషన్ నుంచి లైన్ క్లియర్ లేకుండా బండిని ఎలా వదిలారు?" ఇక్కడ అప్పట్లో టైంటేబులూ, చేతికిచ్చే ఆర్డర్ కాగితాలే ఆధారం నాన్నా అంటే నమ్మడే. "మన దగ్గర బంతి చేతిలో పడందే డ్రైవరు బండి కదపడు. నీల్స్ బాల్ టోకెన్ అంటారు, మిషన్లోంచి ఇనప బంతి ఒకటి బయటికొస్తే రెండోది రాదు. వాచీ ఆగిపోతే ఆగిపోనీ, ఎవరికేం." ఇక్కడా బాల్ గారేగా రూల్ పెట్టింది అన్నాను. ఆ జోకు ఆయనకి అస్సలు నచ్చలేదు, డైరీలో ఆలస్యానికి కారణం గడిలో "పద్ధతి లేకపోవడం" అని రాశాడు. 1891 బండికి.

రెండో రోజు: కాంటన్

కాంటన్‌లో ఒకప్పుడు డ్యూబర్-హాంప్‌డెన్ ఫ్యాక్టరీలు. జాన్ డ్యూబర్ అసలు కేసులు చేసేవాడు, మిషన్లు చేసే హాంప్‌డెన్ కంపెనీని కొని, రెండిటినీ 1880ల చివర్లో ఈ ఊరికి తెచ్చిపెట్టాడు. అప్పట్లో అమెరికాలో వాచీ కొనడం ఇప్పట్లా కాదు. షాపుకెళ్ళి మిషను ఒకటి ఎంచుకునేవాళ్ళు, కేసు వేరే ఎంచుకునేవాళ్ళు, షాపాయన రెండూ కలిపి బిగించి ఇచ్చేవాడు. బట్టల షాపులో గుడ్డ తీసుకుని టైలర్ దగ్గరికి వెళ్ళినట్టు. అందుకే సైజులు అన్ని కంపెనీలకీ ఒకటే. 16 సైజు అంటే మిషను దాదాపు 43 మిల్లీమీటర్లు, ఎవరిదైనా సరే. కేసులు చేసే కంపెనీలన్నీ ఒకటై డ్యూబర్ సరుకు అమ్మే షాపుల్ని వెలేస్తే ఆయన కోర్టుకెక్కాడు, గెలవలేదు. చివరికి కంపెనీయే మునిగింది, 1930లో మిషన్లూ పనిముట్లూ మొత్తం సోవియట్ వాళ్ళు కొనుక్కుని మాస్కో పట్టుకుపోయారు, పని నేర్పడానికి ఇక్కడి పనివాళ్ళు ఇరవై చిల్లర మందీ వెంట వెళ్ళారు. అలా రష్యాలో మొట్టమొదటి పెద్ద వాచీ ఫ్యాక్టరీ కాంటన్ సామానుతో మొదలైంది. ఇక్కడ చూద్దామంటే ఏమీ లేదు, డ్యూబర్ అవెన్యూ అని రోడ్డు బోర్డు మిగిలింది, దాని కింద నాన్నని నిలబెట్టి ఫోటో తీశా.

ఊళ్ళో ఒక పాత సామాన్ల షాపులో కూర్చున్నాం ఇంచుమించు 2 గంటలు. అద్దాల బల్ల కింద ఏడెనిమిది వాచీలు. అన్నీ గోల్డ్ ఫిల్డ్. మన వాళ్ళు వన్ గ్రామ్ గోల్డ్ అన్నట్టు కాదిది, పూత కాదు. ఫిలడెల్ఫియాలో జేమ్స్ బాస్ అనే ఆయన 1859లో పేటెంట్ తీసుకున్నాడు, ఇత్తడి లాంటి రేకుకి రెండు పక్కలా బంగారం రేకులు అతికించి రోలర్ల మధ్య నొక్కి నొక్కి పలచగా సాగదీయడం. లోపలి మూత మీద 20 ఏళ్ళు గ్యారంటీ, 25 ఏళ్ళు గ్యారంటీ అని గుద్ది ఉంటుంది, అది ఎంత మందాన బంగారముందో చెప్పే లెక్క. 20 ఏళ్ళు అని రాసినవి కూడా వందేళ్ళు దాటి ఇంకా మెరుస్తున్నాయి, కాకపోతే అంచుల దగ్గర, తాడు కట్టే రింగు దగ్గర చూడాలి, అరిగిపోయి ఇత్తడి రంగు తొంగి చూస్తుంటుంది. బేరమాడే ముందు నేను చూసేది అదే.

అక్కడే ఖాళీ కేసు ఒకటి దొరికింది! 16 సైజు, గోల్డ్ ఫిల్డ్, వెనక మూత మీద ఫెర్న్ ఆకుల మధ్య ఒక పిట్ట. ఖాళీ కేసులు దొరకడం ఎంత కష్టమో ఈ పిచ్చి ఉన్నవాళ్ళకే తెలుసు, 65 డాలర్లంటే మారు మాట్లాడకుండా ఇచ్చేశాను. నాన్న బయటికొచ్చాక "ఇంత తొందరేంట్రా, మిషను పెట్టి చూసుకోవద్దూ" అన్నాడు. సైజు సైజే నాన్నా, అమెరికా వాళ్ళ లెక్క పక్కా అన్నాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

మూడో రోజు

మొత్తం కారే. కాంటన్ నుంచి లాంకస్టర్ దాకా 300 మైళ్ళ పైన, టర్న్‌పైక్ మీద కొండల్లో సొరంగాలు, మధ్యలో బల్ల దొరికిన చోట ఆగి పులిహోర. టోలు ఎంతయిందో చెప్పనంతవరకు నాన్న హ్యాపీ.

నాలుగో రోజు: కొలంబియా

లాంకస్టర్ పక్కనే కొలంబియా అనే చిన్న ఊళ్ళో నేషనల్ వాచ్ అండ్ క్లాక్ మ్యూజియం ఉంది. వాచీలు కలెక్ట్ చేసే వాళ్ళ సంఘం 1943లో పెట్టుకున్నారు, ఈ మ్యూజియం 1977లో తెరిచారు. దారిలో హామిల్టన్ వాచీల కంపెనీ పాత ఫ్యాక్టరీ టవర్లు కూడా కనిపించాయి, ఇప్పుడు అందులో జనం కాపురాలుంటున్నారు.

మ్యూజియంలో మొదట నాన్నని పట్టేసింది ఎంగిల్ క్లాకు. హేజెల్టన్ ఊరాయన స్టీఫెన్ ఎంగిల్ 20 ఏళ్ళు కూర్చుని చేశాడట, 1870ల్లో అయింది, 11 అడుగుల ఎత్తు, 48 బొమ్మలు కదుల్తాయి. "సాలార్ జంగ్‌లో గంట కొట్టే గడ్డపాయనలా" అన్నాడు నాన్న. అక్కడ గంటగంటకీ జనం మూగి కుర్చీలేసుకుని చూస్తారు గదా, ఇక్కడ మేమిద్దరం, ఒక స్కూలు పిల్లల గుంపు.

నా అసలు పని జేబు గడియారాల గదిలో. చెక్కుడు కేసుల్ని దూరం నుంచి చూస్తే అన్నీ ఒకేలా పసుపుగా ఉంటాయి, దగ్గరికెళ్ళి మోకాళ్ళు వంచి పక్క నుంచి చూడాలి. కొన్నిటి మీద అలలు అలలుగా సన్నటి గీతలుంటాయి, అవి యంత్రం మీద చేసినవి, ఉలి కదలదు, కేసే ఊగుతూ తిరుగుతుంది, మనిషి ఉలిని ఎంత ఒత్తిడితో ఆనించాలో చూసుకుంటాడు. చేత్తో చెక్కినవి వేరే. ఒక హంటర్ కేసు, అంటే ముందు కూడా మూత ఉండేది, దాని ముందు చాలాసేపు ఆగాను. మధ్యలో కొంగ లాంటి పిట్ట. ఒక్కో ఈకకి ఒక్కో ఉలిపోటు, మొదట్లో లోతుగా దిగి చివరికి వెంట్రుకలా తేలిపోతుంది, ఆ కోత లోపలి గోడ అద్దంలా నున్నగా ఉంటుంది కాబట్టి తల కాస్త కదిపితే ఈకలన్నీ వరసగా మెరిసి ఆరిపోతాయి. పొట్ట దగ్గర మాత్రం ఈకల్లేవు, నున్నగా. చెక్కినాయన వదిలెయ్యలేదు, సొంతదారు బొటనవేలు ఏళ్ళ తరబడి ఆనిన చోటది. పక్కనే రంగుల బంగారంతో చేసిన కేసు, రాగి ఎక్కువ కలిపితే గులాబి రంగు, వెండి ఎక్కువ కలిపితే ఆకుపచ్చ ఛాయ, ఆ ముక్కల్ని ఆకులుగా పువ్వులుగా కోసి అతికిస్తారు, తర్వాత చెక్కుతారు.

నాన్న వెనకాలే వచ్చి నిలబడ్డాడు. "మన దాని మీద పిట్ట లేదురా, ఉత్త పువ్వులే. తీగ చుట్టూ తిరిగొచ్చి మొదలు దగ్గరికే వచ్చేది, నేను వేలితో తిప్పుకుంటూ ఆడేవాణ్ణి" అని మొదలుపెట్టాడు, ఇది నేనెప్పుడూ వినలేదు. అప్పటికి ఆయనకి 11 ఏళ్ళు. ఆచారి గారు వసారాలో కుంపటి పెట్టుకున్నాడు. ముందు గీటురాయి మీద గీసి, ఆమ్లం చుక్క వేసి, మొహం అదోలా పెట్టి "అమ్మగారూ, తక్కువ రకం" అన్నాడు. కేసు తూకం 4 తులాలు. నానమ్మ లెక్క ప్రకారం కనీసం మూడు తులాల గొలుసు రావాలి. "గొట్టంతో ఊదుతుంటే మూత ఎర్రగా అయింది, పువ్వులు ఇంకా కనిపిస్తానే ఉన్నాయి, ఎర్ర పువ్వుల్లా. ఉన్నట్టుండి ఒక పక్క కుంగింది. అంతే, ముద్ద." శుద్ధి చేస్తే తులంన్నర తేలింది. నానమ్మ రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. పెట్టె అడుగు నుంచి వాచీ తీసుకురమ్మంటే తెచ్చిచ్చింది నాన్నే.

ఆ ముక్క చెప్పి డైరీ తీశాడు. మ్యూజియం మూసేసే టైము దాకా ఆ గదిలోనే ఉన్నాం.

ఐదో రోజు: ఆడమ్స్‌టౌన్

ఆదివారం. లాంకస్టర్ నుంచి ఓ 20 మైళ్ళు, రోడ్డు పొడుగునా పాత సామాన్ల బజార్లే, ఆదివారం సంత జోరుగా ఉంటుంది, పొద్దున్నే చీకట్లోనే టార్చిలైట్లు పట్టుకుని తిరిగే బ్యాచ్ ఉంటారు. మేం 8 దాటాక వెళ్ళాం, నాన్న ఇడ్లీ లేకుండా కదలడు.

ఒక టేబుల్ మీద ట్రేలో పాతిక ముప్ఫై మిషన్లు, అన్నీ మన దాని లాగే బోసిగా, ఒక్కోటి చిన్న ప్లాస్టిక్ సంచీలో. నాన్న చెయ్యి పట్టుకుని ఆపాను, చూడు అని. ఎల్జిన్, వాల్తామ్, హాంప్‌డెన్, కొన్నిటి మిషను మీద కూడా చెక్కుడు పనే, ఎవరికీ కనపడని చోట. బల్ల వెనకాల ముసలాయన, 80 పైనే ఉంటాయి, కళ్ళజోడుకే లూప్, అంటే చిన్న భూతద్దం, తగిలించుకుని ఉన్నాడు. కేసులేవి అంటే చేత్తో పొయ్యి మండుతున్నట్టు సైగ చేశాడు. బంగారం రేటు ఎగిరినప్పుడల్లా జనం తాతల వాచీలు తెచ్చి తూకానికి ఇచ్చేస్తారట, కరిగించే వాళ్ళకి పిట్టా వద్దు పువ్వూ వద్దు, గ్రాములే కావాలి. మిషను తీసి చెత్తబుట్టలో పడేస్తుంటే ఈయన వెళ్ళి ఏరుకొస్తాడు. బాగా చెక్కిన కేసుకి తూకం కంటే ఎక్కువ ఇచ్చే కలెక్టరు ఉంటాడు, కానీ ఆ కలెక్టరు దొరికేలోపు కొలిమివాడు దొరుకుతాడు. ఎవర్ని తప్పు పట్టాలో తెలీదు, మా నానమ్మ చేసిందీ అదేగా.

నాన్న వక్కపొడి డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. ముసలాయన ముందు డబ్బా చూసి ముచ్చటపడ్డాడు, తర్వాత మిషను చేతిలోకి తీసుకుని నంబరు చదివాడు. 16 మిలియన్ల చిల్లర, 1907 ప్రాంతం. లోపల ఇరుసులు తిరిగే చోట 15 రాళ్ళు. "ఇది పాడైందని ఎవరన్నారు?" అన్నాడు. కీ ఇచ్చే బొడిపే లేదుగా అన్నాను. ఆయన నవ్వి చెప్పిందేంటంటే, అమెరికన్ వాచీల్లో చాలావాటికి బొడిపె, దాని కింద ఊచ రెండూ కేసుతోనే ఉంటాయి, మిషనులో ఉండేది చదరపు బొక్క మాత్రమే, కేసు పోతే తాళంచెవి కూడా పోయినట్టే. అంటే 60 ఏళ్ళుగా మా ఇంట్లో అందరూ చచ్చిపోయిందనుకున్న గడియారానికి కీ ఇచ్చే దారి లేదంతే, తాళంచెవి గొలుసులో కరిగిపోయింది.

డ్రాయరులోంచి చదరపు మొన ఉన్న చిన్న కీ తీసి పక్కనున్న బొక్కలో పెట్టి మూడు చుట్లు తిప్పాడు. ఏం కాలేదు. మిషనుని అరచేతిలో పెట్టి మెల్లిగా, పిల్లాడి చేతిలో గిలక ఊపినట్టు ఒక్కసారి ఊపాడు. చక్రం కదిలింది. సెకనుకి 5 దెబ్బలు, చాలా సన్నగా, సంత గోలలో వినపడదు, నాన్న వంగి చెవి పెట్టాడు, అలాగే ఉండిపోయాడు, వెనకాల ఎవరో ఎక్స్‌క్యూజ్ మీ అంటున్నా జరగలేదు. నూనె ఎండిపోయి ఉంటుంది, ఇలాగే నడిపితే లోపల అరుగుతుంది, ముందు క్లీన్ చేయించండి అని ముసలాయన గట్టిగానే చెప్పాడు.

ఇప్పుడు నా 65 డాలర్ల కేసు సంగతి. గర్వంగా తీసి ఇచ్చా. ఆయన మిషను అందులో పెట్టి, రెండు స్క్రూలు బిగించి, బొడిపె లోపలి గొట్టం ఏదో పనిముట్టుతో సర్ది, నా వైపు తిప్పి చూపించాడు. 12 ఉండాల్సిన చోట 3 ఉంది! 12 ఎడమ చేతి వైపు పడుకుంది, సెకన్ల చిన్న డయలు కుడి పక్కన. విషయం ఏంటంటే, మూతుండే హంటర్ వాచీలకి బొడిపె 3 దగ్గర వస్తుంది, మూతలేని వాటికి 12 దగ్గర. మనది హంటర్ మిషను, నేను కొన్నది మూతలేని కేసు. సైజు ఒకటే, దిక్కు వేరు. దీన్ని వీళ్ళు సైడ్‌వైండర్ అంటారట, కలెక్టర్లు మొహం తిప్పుకుంటారు. నేను పుస్తకంలో చదివిన విషయమే ఇది, చదివి కూడా. నాన్న ఒక్క మాట అనలేదు, అనకుండా చూశాడు, అదే ఎక్కువ.

హంటర్ కేసు వేరేది ఆయన దగ్గరే ఉంది, దానికి దాని మిషను దానికుంది, నడుస్తోంది. నాన్న దాన్ని తెరిచి టప్పున మూశాడు, ముసలాయన పెద్దగా అరిచాడు. బొడిపె నొక్కి పట్టుకుని మూత ఆనించి అప్పుడు వదలాలి, లేకపోతే కొక్కెం అంచు అరిగిపోతుంది. అది కొని దాని మిషను తీసేసి మనది పెట్టొచ్చు అన్నాడు. నాన్న నన్ను అడక్కుండానే వద్దన్నాడు. "దీన్ని బోసి చేసి దానికి పెట్టడమేంట్రా."

ఇంకో విషయం కూడా ఇక్కడే తేలింది. లోపలి మూత మీద లంగరు బొమ్మ, పక్కన చిన్న చిన్న ముద్రలు ఉండేవని నాన్న గుర్తు. ముసలాయన వెంటనే "బర్మింగ్‌హామ్" అన్నాడు. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ బంగారం పరీక్ష ఆఫీసు గుర్తు లంగరు. బ్రిటిష్ వాళ్ళ దేశాలకి వెళ్ళే వాల్తామ్ మిషన్లకి చాలావాటికి కేసులు అక్కడ డెన్నిసన్ కంపెనీలో చేసేవారట, 9 క్యారెట్లవి ఎక్కువ. 9 క్యారెట్లంటే వందకి 37.5 వంతులు. 4 తులాలకి తులంన్నర! లెక్క అణా పైసలతో సరిపోయింది. ఆచారి గారు ఒక్క గురిగింజ కూడా తినలేదన్న మాట. నాన్న ఈ మాట రెండుసార్లు అన్నాడు, ఇన్నేళ్ళూ ఇంట్లో అందరికీ లోపల్లోపల ఆ అనుమానం ఉండేదని ఇప్పుడే తెలిసింది నాకు.

రాత్రికి హార్ట్‌ఫర్డ్ దాటి మోటెల్‌లో పడ్డాం. అక్కడ పొద్దు కాబట్టి నాన్న అత్తకి ఫోన్ చేశాడు, స్పీకర్లో. ఆ గొలుసు ఉందా అక్కా అని. "ఎక్కడి గొలుసురా, పెద్దదాని పెళ్ళికి చెరిపించి గాజులు చేయించాంగా, అవి కూడా చెరిపించేసి ఉంటది ఈపాటికి." ఆచారి గారి లెక్క చెప్పాడు నాన్న. అత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆయన్ని అమ్మ మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వలేదు" అంది.

ఆరో రోజు: వాల్తామ్

చార్లెస్ నది ఒడ్డున క్రెసెంట్ స్ట్రీట్‌లో ఎర్ర ఇటుకల ఫ్యాక్టరీ, చాలా పొడుగు, రైలు బోగీలు వరసగా నిలబెట్టినట్టు, గోడల కంటే కిటికీలే ఎక్కువ, ఆ సన్నటి పనికి వెలుగు కావాలి కదా. ఇప్పుడు ఆఫీసులూ అపార్ట్‌మెంట్లూ. 1850లో ఆరన్ డెన్నిసన్, ఎడ్వర్డ్ హోవార్డ్ వాళ్ళు బోస్టన్ పక్కన రాక్స్‌బరీలో మొదలుపెట్టి 1854లో ఇక్కడికొచ్చారు. వాచీ భాగాలన్నీ యంత్రాల మీద ఒకే కొలతకి చేసి దేన్ని దేనికైనా బిగించొచ్చు అన్నది వాళ్ళ పట్టుదల. 1857కే దివాలా తీశారు, వేరేవాళ్ళు కొని నిలబెట్టారు, 1957 దాకా నడిచి 3 కోట్ల పైన వాచీలు చేశారు. డెన్నిసన్‌ని మాత్రం 1860ల మొదట్లోనే బయటికి పంపేశారు, ఆయన చివరికి ఇంగ్లండ్ చేరి కేసుల కంపెనీ పెట్టాడు. ఎక్కడ? బర్మింగ్‌హామ్‌లో. ఆ డెన్నిసనే ఈ డెన్నిసన్! పొమ్మన్న కంపెనీ మిషన్లకే బట్టలు కుట్టి పెట్టాడన్న మాట.

ఇది నిన్న రాత్రి మోటెల్‌లో కూర్చుని తేల్చుకున్నా, నది గట్టు మీద బెంచీ దగ్గర నాన్నకి చెప్పా. 1907లో ఈ గోడల మధ్య తయారై, ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్ళి, అక్కడ పువ్వుల కేసు తొడిగించుకుని, మద్రాసు. అంటే ఇక్కడి నుంచి వెళ్ళేటప్పుడు దీనికి కేసు లేదు నాన్నా.

"అయితే పుట్టింటి నుంచే బోసి మెడతో వెళ్ళిందంటావు" అన్నాడు. అని జేబులోంచి ఆ అడ్డ వాచీ తీశాడు. నేను కారు పార్క్ చేసి వచ్చేలోపు ముసలాయన వద్దన్నది చేసేశాడు, నాలుగు చుట్లు కీ ఇచ్చాడు, నడుస్తోంది. మూత లేదు, తీగ లేదు, వెనక ఎవరిదో పిట్ట. తల ఎడమ భుజం మీదికి వాల్చి టైము చూసి, డైరీ తెరిచి, వాల్తామ్, రాక, 2.20 అని రాశాడు.

నేను ఫోన్ చూశాను. 2.31. నాన్నా, 11 నిమిషాలు వెనక ఉంది, దిద్దు అన్నాను.

ఆలస్యానికి కారణం గడిలో ఏదో రాయబోయి ఆగాడు, ఆ గడి ఖాళీగా వదిలేసి డైరీ మూసేశాడు. 2.20 దిద్దలేదు.